గాలి వేసిన గడియ

జూలై 2

మహారాజశ్రీ మేనమామగారి దివ్యసముఖమునకు, మేనల్లుడు కాకి సాష్టాంగపడి, లేచి, దుమ్ము దులుపుకొని వ్రాసుకొను క్షమాపణ పత్రము.

మావయ్యా, నేను చేసిన ఘోరానికి నన్ను క్షమించు. చేయబోయేవాటికి కూడా ఇప్పుడే కలిపి క్షమించేస్తే ఇద్దరికీ కాగితం కలిసొస్తుంది. పాతికేళ్ళు నువ్వు కూర్చుని నున్నగా అరగదీసిన ఎత్తు స్టూలు మీద కూర్చుని, పాతికేళ్ళు నువ్వు చదివిన మూడు నీతి పుస్తకాలనీ బీరువాలో పెట్టి తాళం వేశాను. చెదపురుగులు తప్ప ఎవరూ వాటి జోలికి పోవడం లేదు. అవైనా నీతిగా మారిన సూచనలు లేవు.

మన బైండింగు హాల్లో నా ఉద్యోగం ఏమిటో చెబితే బయట ఎవరూ నమ్మడం లేదు. నలభై మంది బల్లల ముందు కూర్చుని పొద్దున్నించి సాయంత్రం దాకా అచ్చు కాగితాలు మడతపెడుతుంటే, ఒకడు స్టూలెక్కి వాళ్ళకి పుస్తకం చదివి వినిపిస్తాడా? "మరి నీ డిగ్రీ దేనికిరా?" అన్నాడు కాలేజీ స్నేహితుడు. "స్టూలు ఎక్కడానికి. పొడవు సరిపోలేదు, దాన్ని కింద వేసుకుని ఎక్కాను" అన్నాను.

ఇక ఘోరం సంగతి. పాత పుస్తకాల దుకాణంలో ఒక పెద్ద నవల దొరికింది. అట్ట ఊడింది గానీ లోపల దమ్ముంది. కొండ మీద ఒక సత్రం. మంచు కురిసి దారి మూసుకుపోయింది. లోపల పన్నెండు మంది ప్రయాణికులు, మర్యాదస్తులు, ఒకరికొకరు "మీరు ముందు, మీరు ముందు" అనుకునే రకం. ఒక సాయంత్రం పైకప్పు మీద చప్పుడు. టక్... టక్‌టక్. మొదటిరోజు నవ్వుకుంటారు. రెండోరోజు తమని తాము లెక్కపెట్టుకుంటారు. మూడోరోజు కిటికీలకి మేకులు కొడతారు. ఆ పైన ఒక్కొక్కళ్ళూ కర్ర పట్టుకుని కూర్చుని, పక్కవాడి మొహం చూడడం మొదలుపెడతారు.

చప్పుడు వచ్చిన చోటల్లా నేను మడమతో స్టూలు కమ్మీ మీద కొడుతున్నాను. నలభై తలలూ ఒక్కసారి పైకి లేస్తాయి. చేతులు మాత్రం ఆగవు, భయానికి ఇంకా వేగంగా మడతపెడుతున్నారు. నిన్న సాయంత్రం చదువు ఆపగానే అందరూ మడతలు నొక్కే పుల్లలు తీసుకుని, చప్పట్లకి బదులు బల్లల మీద వాయించారు. హాలు దద్దరిల్లింది. నీకు పాతికేళ్ళలో ఎన్నిసార్లు వాయించారు మావయ్యా? ఊరికే, చరిత్ర కోసం అడుగుతున్నాను.

మేస్త్రీ కూడా సంతోషంగా ఉన్నాడు. ఆయన నవ్వితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఇక అడగను. కత్తెరక్క మాత్రం నా వైపు ఒక రకంగా చూస్తోంది.

ఇట్లు,
తమ సింహాసనాన్ని కబ్జా చేసిన
కాకి


జూలై 9

ఒరేయ్ కాకీ,

క్షమాపణ అందింది. అచ్చం నీ మొహంలాగే ఉంది. నీ గొంతు విని చిన్నప్పుడు కాకి అని పేరు పెట్టింది నేనే. ఆ గొంతుని స్టూలెక్కించిందీ నేనే. కనక అనుభవించాల్సిందీ నేనే.

మోకాలు వంగనంటోంది. పక్కింటి కోడిపుంజు వేళాపాళా లేకుండా అరుస్తోంది, నిన్ను తలుచుకుంటున్నాను.

నా పుస్తకాలని వెక్కిరించు, ఫరవాలేదు. కానీ ఒకటి విను. చదివేవాడు గొంతు తప్ప ఇంకేదీ కదపకూడదు. మడమలతో వేషాలేమిటి? నువ్వు చదువుతున్నావా, చిందులేస్తున్నావా? పాతికేళ్ళు వాళ్ళ మొహాలు చూసినవాణ్ణి, చెబుతున్నాను. ఏడుపు చదివితే వాళ్ళు కాగితం వైపు చూస్తారు. నవ్వు చదివితే నీ వైపు చూస్తారు. భయం చదివితే పక్కవాడి వైపు చూస్తారు. ఆ మూడోది మంచిది కాదు.

ఇంతకీ కత్తెరక్క ఎవరు? ఒక రకంగా చూడడమేమిటి? మంచి కుటుంబమైతే ముందే చెప్పు, మీ అత్తయ్య నా ప్రాణం తీస్తోంది.

నీ మేనమామ


జూలై 17

సంబంధాలు కుదిర్చే మావయ్యకి,

కత్తెరక్క కొడుక్కి నాకంటే పొడవాటి మీసం ఉంది. ఆవిడ నువ్వు మానేశాక చేరిన, కాగితం దస్తాలు కత్తిరించే మనిషి. "ఒక రకంగా" చూడడమంటే, నన్ను కూడా ఎక్కడ కత్తిరిస్తే సైజుకి వస్తానా అని. అత్తయ్యని శాంతించమను.

ఇక్కడ నిజమైన వార్తలున్నాయి. వారం రోజులుగా ఒకటే వాన. కాగితం చెమ్మ పట్టకుండా మేస్త్రీ కిటికీలన్నీ మూయించి, సందులకి పట్టీలు అంటించాడు. సోమవారం మధ్యాహ్నం ముగ్గురు కళ్ళు తిరిగి పడిపోయారు. మంగళవారం అయిదుగురు. నాకూ అక్షరాలు రెండేసిగా కనిపించాయి. నవల రెండు రెట్లయిందని సంతోషించేలోపు వాంతి వచ్చింది.

నిన్న అసలైన ముచ్చట. నేను చదువుతున్నాను. రెండు మడమలూ కమ్మీ మీద బుద్ధిగా ఉన్నాయి. పైనుంచి చప్పుడు. టక్... టక్‌టక్.

హాలంతా బిగుసుకుపోయింది. "కాకీ, నువ్వేనా?" అంది కత్తెరక్క.

"నేను కాదక్కా, ఒట్టు."

"ఎవరి మీద ఒట్టు?"

"మేస్త్రీ మీద."

"అయితే నువ్వే."

ఎవరూ నవ్వలేదు మావయ్యా. ఇంత మంచి మాటకి ఒక్కళ్ళు నవ్వలేదు. అప్పుడే మళ్ళీ వినిపించింది, ఈసారి నా వెనక గోడలోంచి.

అప్పటినుంచి హాల్లో కొత్త శాసనాలు అమల్లోకి వచ్చాయి. కొళాయి దగ్గరికి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. మాట్లాడకుండా ఎవరూ కూర్చోకూడదు. మొన్నటిదాకా కుంటి బల్ల నాకొద్దంటే నాకొద్దని కొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు భుజం భుజం ఆనించుకుని కూర్చుంటున్నారు. అందరూ సత్రంలో ప్రయాణికుల్లా తయారయ్యారు. ఆ నవల రాసినాయనకి ఇంత శ్రద్ధగల శిష్యులు బతికుండగా దొరికి ఉండరు.

నేరస్తుణ్ణి కూడా నిర్ణయించేశారు. నీకు తెలిసినవాడే, కింద బాయిలర్ చూసే గొట్టాలాయన. ఆధారాలు వరసగా విను. ఆయన ఎవరితోనూ మాట్లాడడు. నలభై మందీ వినే కథ ఆయన వినడు. ఈమధ్య మొహానికి తడిగుడ్డ కట్టుకుని మెట్ల దగ్గర తిరుగుతున్నాడు. కింద ఏదో కలిపి పైకి వదులుతున్నాడనీ, అందుకే కళ్ళు తిరుగుతున్నాయనీ తీర్పు. ఆయనకి చెవుడు కదా, కథ ఎలా వింటాడు అన్నాను. "నీకెందుకు ఆయన మీద అంత ప్రేమ?" అన్నారు. నోరు మూసుకున్నాను. కాలేజీలో నేర్చుకున్న ముఖ్యమైన విద్య అది.

నువ్వు పాతికేళ్ళు ఆయనతో ఒకే కప్పు కింద ఉన్నావు. ఎలాంటి మనిషి?

రెండు మడమలమీదా ఒట్టు వేసే
కాకి


జూలై 23

ఒరేయ్ కాకీ,

కళ్ళు తిరిగితే బయటికి వెళ్ళి గాలి పీల్చుకో. వీరుడిలా కూర్చోకు. అత్తయ్య కంగారు పడుతోంది.

గొట్టాలాయన గురించి అడిగావు. ముభావి. పాతికేళ్ళలో ఒక్కరోజు పైకి వచ్చి నా చదువు వినలేదు. చెవుడంటావు. టీ గంట మాత్రం వినపడేది! ఒకసారి నేను పలకరిస్తే తల కూడా ఎత్తలేదు. చెడ్డవాడని నేను అనను, మంచివాడని చెప్పడానికీ నా దగ్గర ఏమీ లేదు. విన్నవాణ్ణి నమ్మొచ్చు, తిట్టినవాణ్ణయినా నమ్మొచ్చు గానీ, ఏమీ అననివాణ్ణి ఎలా నమ్ముతాం?

జాగ్రత్త పడడంలో తప్పు లేదు. నువ్వు మాత్రం హాలుకి ఎదురు నిలబడకు. పదిమందితో చావు పెళ్ళితో సమానమన్నారు. మేస్త్రీ నా పాత స్నేహితుడు కనక, ఆయనకీ ఇవే ముక్కలు విడిగా రాసి పడేశాను. నీమీద కాస్త కన్నేసి ఉంచమన్నాను కూడా.

నీ మేనమామ


ఆగస్టు 1

మావయ్యా,

నువ్వు మేస్త్రీకి రాసిన ఉత్తరం చదివాను. స్టూలెక్కి, నలభై మందికీ వినపడేలా చదివాను. "పెద్దాయన రాశాడు, అందరూ వినాలి" అని మేస్త్రీ నా చేతికిచ్చాడు. పాతికేళ్ళ గొంతు కదా నీది, నా గొంతులోంచి వచ్చినా గుర్తుపట్టారు. "చూశారా, ఆయనకి అప్పుడే తెలుసు" అనుకున్నారు. నీకు తెలిసింది ఏమిటి మావయ్యా? ఆయన తల ఎత్తలేదన్న సంగతేగా?

అది సోమవారం. మంగళవారం పన్నెండు గంటల వేళ గొట్టాలాయన పైకి వచ్చాడు. మొహానికి తడిగుడ్డ, చేతిలో చిన్న సుత్తి. ఎవరి వైపూ చూడకుండా గోడ వెంట కొట్టుకుంటూ నడిచాడు. టక్... టక్‌టక్. అదే చప్పుడు. గోడకి చెవి ఆనించే రకం కాదు కదా, అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. మూడోచోట ఆగి, వెనక్కి తిరిగి, ఏదో అరిచాడు. ఆయన మాట నీకు తెలుసుగా, సగం గొంతులోనే ఉండిపోతుంది. తరవాత గబగబా కిటికీ దగ్గరికెళ్ళి పట్టీలు పీకడం మొదలుపెట్టాడు.

నవలలో సరిగ్గా ముందురోజు ఏం చదివానో తెలుసా? ఎవరితోనూ మాట్లాడని ప్రయాణికుడు లేచి కిటికీ మేకులు పీకబోతాడు. పైనున్నదాన్ని లోపలికి పిలుస్తున్నాడని మిగతావాళ్ళు అతన్ని మంచులోకి నెట్టేస్తారు.

ఎవరో కెవ్వుమన్నారు. తరవాత అందరూ లేచారు. ఎప్పుడూ "అన్నా, కాస్త జరుగు" అని గట్టిగా అనడానికి కూడా మొహమాటపడే మనుషులు మావయ్యా వీళ్ళు. పుల్లలు బల్లల మీద వాయిస్తూ ఆయన్ని చుట్టుముట్టారు. సుత్తి లాక్కున్నారు. గుడ్డ లాగేశారు. పది పన్నెండు చేతులు కలిసి ఆయన్ని పక్కనే అట్టలు ఆరబెట్టే వేడిగదిలోకి తోశాయి. తలుపు మూశారు. గడియ పడింది.

తరవాత ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. "చదువు" అన్నారు. చదివాను. లోపల్నుంచి వేడి గొట్టాల మీద కొట్టడం మొదలైంది. "గట్టిగా చదువు" అన్నారు. గట్టిగా చదివాను.

గంటన్నర తరవాత చప్పుడు ఆగింది. కత్తెరక్క లేచి వెళ్ళి తలుపు తీసింది. ఆయన నేల మీద పడి ఉన్నాడు. రెండు అరచేతులూ కాలిపోయాయి. బతికే ఉన్నాడు. ఆసుపత్రిలో ఉన్నాడు.

ఈ ఉత్తరంలో హాస్యం తక్కువైంది. క్షమించు. ఈసారి నిజంగానే అడుగుతున్నాను.

కాకి


ఆగస్టు 5

కాకీ,

రెండుసార్లు చదివాను. అత్తయ్యకి చదివి వినిపించలేకపోయాను. ఆయనకి ఎలా ఉందో వెంటనే రాయి. నువ్వు తిన్నావా?

మావయ్య


ఆగస్టు 9

ఒరేయ్ అల్లుడూ,

నీ జవాబు రాలేదు, మేస్త్రీ ఉత్తరం వచ్చింది. విచారణకి కంపెనీ పెద్దలు పద్నాలుగో తేదీన వస్తున్నారట. అందరూ ఒక మాట మీద ఉన్నారని రాశాడు. గొట్టాలాయన తనంతట తనే గదిలోకి వెళ్ళాడు, గాలికి తలుపు పడింది, గడియ జారింది. వాన చప్పుడులో ఎవరికీ వినపడలేదు. నలభై సంతకాలూ అయిపోయాయి. నీదొక్కటే మిగిలింది. అది పెట్టవట!

నాకు కోపం వచ్చింది, తరవాత భయం వేసింది. నలుగురితో నారాయణ అనక నీకెందుకురా ఈ పట్టుదల? ఆ నలభై మందిలో నా చేతిమీదుగా పనిలో చేరినవాళ్ళు పదిహేనుమంది ఉన్నారు. వాళ్ళ మొహాలు నేను మళ్ళీ చూడాలా వద్దా?

మేస్త్రీ ఇంకో దారి కూడా చెప్పాడు. నువ్వు "అనుచితమైన పుస్తకం చదివి కార్మికుల మనసు చెదరగొట్టినందుకు విచారిస్తున్నాను" అని ఒక కాగితం రాసిస్తే చాలు, మిగతాది ఆయన చూసుకుంటాడట. పుస్తకానిదే తప్పని నేను మొదటే అన్నానుగా? రాసిచ్చేసెయ్. స్టూలు నీకే ఉంటుంది.

ఇంకో సంగతి. నేను మేస్త్రీకి రాసిన ఉత్తరం నీ దగ్గరే ఉందని విన్నాను. దాన్ని చించి పారెయ్. నేను చెడు ఉద్దేశంతో రాయలేదు, నీకు తెలుసు.

నీ మేనమామ


ఆగస్టు 13

మావయ్యకి,

జవాబు ఆలస్యమైంది, అందుకే ఈ ఉత్తరం మీ ఊరి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. ఆసుపత్రిలో ఉన్నాను. నాకేం కాలేదు, కంగారు పడకు. గొట్టాలాయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఇది పొట్టి స్టూలు. ఇక్కణ్ణుంచి మనుషుల మొహాలు బాగా కనిపిస్తాయి.

ఆయన చేతులకి కట్లు. కనక నేను పలక మీద రాస్తాను, ఆయన ఆ సగం గొంతుతో చెబుతాడు. కాస్త అలవాటైతే అంతా అర్థమవుతుంది. పాతికేళ్ళలో నీకు అలవాటు కాలేదంటే, తప్పు ఆయన గొంతుది కాదు. అన్నీ అడిగాను. బాయిలర్ పొగగొట్టం మన హాలు గోడ వెనకనుంచే పైకి వెళుతుంది. వానకి పైన ఏదో కూలి మూసుకుపోయింది. గోడలో ఎక్కడో పగిలి, పొగ హాల్లోకి వస్తోంది. కళ్ళు తిరిగింది అందుకు. ఎక్కడ పూడిందో తెలుసుకోవడానికి కప్పు మీదా, గోడ అవతలా సుత్తితో కొట్టి, చేత్తో తడిమి చూస్తున్నాడు. తడిగుడ్డ పొగకి. మేస్త్రీకి మూడుసార్లు చెబితే, వానలు తగ్గాక చూద్దామన్నాడట. ఆ రోజు పగులు దొరికింది. "కిటికీలు తీయండి, చచ్చిపోతారు" అని అరిచి, మనం తీయకపోతే తనే తీయబోయాడు.

గడియ ఎవరు వేశారని ఆయన నన్ను అడగలేదు. "కిటికీలు తీశారా?" అని అడిగాడు. నేను పలక కింద పెట్టి హాలుకి పరిగెత్తాను.

ఇప్పుడు తీశాం. నేనూ కత్తెరక్కా వెళ్ళి పట్టీలన్నీ పీకేశాం. కాగితాలు ఎగిరాయి, మేస్త్రీ ఎగిరాడు. "కాగితం పాడైతే ఎవడు జవాబుదారీ?" అన్నాడు. "గాలిని అడగండి. తలుపులు మూసి గడియలు కూడా వేస్తోందిగా, అంత పనిమంతురాలు ఈ మధ్య దొరకడం లేదు. రేపు విచారణకి దాన్నే పిలిపించండి" అన్నాను. "నీ స్టూలు పీకిస్తా" అన్నాడు. నేనే ఎత్తి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను.

పట్టీలు పీకేటప్పుడు కత్తెరక్క అడిగింది. "చివరికి ఆ సత్రం కప్పు మీద ఏముందిరా?"

"ఊడిన తాడక్కా. గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. చివరి పేజీల్లో వస్తుంది."

"తాడా?"

"తాడే."

"నీకు ముందే తెలుసా?"

"మొదటే మొత్తం చదివేశాను."

ఆవిడ పట్టీ పీకడం ఆపింది. "ఒక్కమాట చెప్పొచ్చు కదరా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

తరవాత ఆవిడ తన సంతకం కొట్టేయించుకుంది. "ఆయన్ని తోసిన చేతుల్లో రెండు నావి, నీ విచారణ కాగితంలో అలాగే రాయి" అంది. రాశాను. కనక ఇప్పుడు గాలి వైపు ముప్ఫై తొమ్మిది మంది, మా వైపు ఇద్దరం. ఆవిడ ఒక్కతే పదిమంది పెట్టు కనక నువ్వు చెప్పిన సామెత మాకూ వర్తిస్తుంది. చావూ పెళ్ళీ రెండూ వద్దు, రేపటి విచారణ చాలు. గాలే తలుపు వేసిందని తేలితే, అనుమతి లేకుండా గదిలోకి వెళ్ళినందుకు గొట్టాలాయన్ని పనిలోంచి తీసేస్తారు. కాలిన చేతులతో ఆయన ఇంకెక్కడికి పోతాడు? పొగగొట్టం అలాగే ఉంటుంది. వచ్చే వానకి ఇంకెవరో పడిపోతారు. ఇంకో నేరస్తుడు కావాల్సి వస్తాడు. ఈసారి నేనే కావచ్చు, ఇప్పటికే హాల్లో నాతో ఎవరూ మాట్లాడడం లేదు.

పుస్తకానిది తప్పని నేను రాసివ్వను. అది నాకు ముందే చెప్పింది మావయ్యా, ఎలా జరుగుతుందో పూసగుచ్చినట్టు చెప్పింది. భయపడ్డవాళ్ళు ముందు పక్కవాణ్ణి చూస్తారనీ, తరవాత తమలాగా భయపడనివాణ్ణి చూస్తారనీ, ఆ తరవాత చేతులు వాటంతట అవే లేస్తాయనీ. నేను అది చదివి మడమలతో తాళం వేశాను. దాని మీద నెపం వేసి బీరువాలో పెట్టి మళ్ళీ నీ నీతికథలు ఎత్తుకోమంటావా? ఆ మూడింటిలోనూ "తోటివాణ్ణి కాపాడు" అని ఉందిగా. పాతికేళ్ళు విన్నారు.

నీ ఉత్తరం చించను. రేపు పెద్దల ముందు పెడతాను. నువ్వు బాధపడతావని తెలుసు, అత్తయ్య నన్ను ఇంటి గుమ్మం తొక్కనివ్వదనీ తెలుసు. చెడు ఉద్దేశంతో రాయలేదన్నావు. నిజం. హాల్లో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. నీకు ధైర్యముంటే మోకాలికి గుడ్డ చుట్టుకుని బస్సెక్కి వచ్చి, ఆ ఉత్తరం తప్పని నీ గొంతుతో నువ్వే చెప్పు. నీ మాటైతే వాళ్ళు ఇప్పటికీ వింటారు. రాకపోతే నేను ఒక్కణ్ణే చెబుతాను, కాకి గొంతుతో.

మొదటి ఉత్తరంలో నీకు బోలెడు క్షమాపణలు రాశాను. పుస్తకాలకి, స్టూలుకి, చేయబోయేవాటికి. వాటిలో ఒక్కదానికీ నేను సిగ్గుపడడం లేదు, అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి మాత్రం మిగిలింది, అది నీకు రాయలేదు. రేపటి కాగితంలో మొదటి వాక్యం అదే.

ఆయన్ని తోసి తలుపు మూశాక, గడియ మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఇంకొక్క నిమిషం గడిస్తే ఎవరో ఒకరు తలుపు తీసి, ఇదేం పని అని తల దించుకునేవాళ్ళే. అందరూ నా వైపు చూశారు. ఎప్పుడూ నవ్వించేవాణ్ణి కదా. స్టూలు దిగాను. నాటకంలో రాజభటుడిలా ఛాతీ విరుచుకుని నాలుగడుగులు నడిచాను. అందరికీ వంగి దండం పెట్టాను. నవ్వారు. అంత భయపడ్డవాళ్ళూ, ప్రాణం లేచి వచ్చినట్టు నవ్వారు.

గడియ వేసింది నేను.